ఎదుటి పార్టీ

కోర్టు నోటీసు మా తలుపుకే అంటించిన్రు,
మూడేండ్ల కింద పోయిన మనిషి పేరు మీద.
పూసిన లై ఇంకా ఆరలే.
దావా ఏసింది నేను. ఎదుటి పార్టీ ఆయన.
చదువుకొని, తాళం తీసుకొని,
లోపలికి పోయి అన్నం వండిన.

పురానీ హవేలీ కోర్టు వరండాల
బంట్రోతు గొంతు సవరించుకున్నడు:
"చింతకింది శంభులింగం, తండ్రి రామదాసు, హాజర్ హై!"
మూడుసార్లు.
మూడేండ్లల ఆ పేరు అంత పెద్దగ ఎవ్వరు పిలువలె.
చుట్టాలు గుసగుసగ పలికిన్రు,
ఠాణల 'మీ మనిషి' అన్నరు.
మూడో పిలుపుకు నేనే మెడ తిప్పి మెట్ల దిక్కు చూసిన.
ఒక వకీలు, వెనక చాయ్ పిల్లగాడు.

జడ్జమ్మ కండ్లద్దాల మీదికెల్లి చూసి చెప్పింది:
ఏడేండ్లు నిండనిది చనిపోయినట్టు కాదు,
బతికున్నట్టు రుజువు లేదు,
అందాక ఆస్తికి నువ్వు సంరక్షకురాలివి.
కిరాయి తీసుకో, కరెంటు బిల్లు కట్టు, అమ్మొద్దు.
ఆర్నెల్లకోసారి లెక్క చూపియ్యి.

ఛత్తాబజార్ల షట్టర్ లేపించి అమీను రాసుకున్నడు:
కాలుతో తొక్కే అచ్చు మిషను ఒకటి.
సీసపు అక్షరాల డబ్బాలు, తెలుగువి పద్నాలుగు, ఇంగ్లీషువి ఆరు.
ఎర్ర సిరా, ఎండింది.
ఫ్రేముల బిగించిన శుభలేఖ ఒకటి.
అక్షరాలు తిరగేసి ఉండంగ చదువరాక
"ఇందుల ఏమున్నది?" అని అడిగిండు.
పిల్ల పేరుంది, పిల్లగాని పేరుంది, ముహూర్తం ఉంది,
'విచ్చేసి' దాక పేర్చి లేచి పోయిండు, అన్న.
'అసంపూర్తి, విలువ లేదు' అని రాసుకున్నడు.

ఆ పెండ్లి ఎప్పుడో అయింది, వేరే ప్రెస్సు కార్డులతోటి.
ఇచ్చిన అడ్వాన్సు అడగనీకి గూడ వాండ్లు రాలె.

ఇప్పుడు నా సంతకం కింద 'తరపున' అని రాస్తున్న.
రెండు నోటుబుక్కులు.
పాలప్యాకెట్టు నా పైసలు, షట్టర్ తాళానికి నూనె ఆయన పైసలు.
ఒక్కోసారి మర్చిపోయి
ఆయన బుక్కుల నా తలనొప్పి గోలి రాసి కొట్టేస్త.

మొన్న లెక్క ఇయ్యపోతే
క్లర్కు పెన్ను ఒక కాడ ఆగింది.
"చెప్పులు కుట్టించింది, నలభై రూపాయలు. ఎవరివమ్మా?"
ఆయనవి. మంచం కింద ఉండె, పట్టీ తెగి.
"లేని మనిషి చెప్పులకు రిపేరా?"
ఆస్తి చెడిపోకుంట చూసుకోమని ఆర్డర్ల ఉంది సారూ, అన్న.
చానసేపు కాయితం దిక్కే చూసి
టిక్కు పెట్టిండు.
బయట వరండాల ఇంకెవరి పేరో పిలుస్తున్నరు.