బదులు వచ్చేదాకా

చీమకుర్తి దాటి రామతీర్థం రోడ్డులో
ఎడమ చేతి పక్క మూడో ఫ్యాక్టరీ.
గ్యాంగ్ సా షెడ్డు గోడకు, మనిషి ఎత్తున,
బూడిద రంగు ఇనప పెట్టెలో
ఇరవై నాలుగు పోర్టుల స్విచ్చి.
దాని ఫ్యాను పీల్చేదీ రాతి పిండే, వదిలేదీ రాతి పిండే.

మలకొండయ్య అరిగిన టూత్‌బ్రష్షుతో
రోజూ పొద్దున్నే దాని పక్కటెముకలు తోముతాడంట.
ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు.
"ఊపిరాడక చచ్చుద్ది గదబ్బయ్యా."

ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని
బోర్లించిన నీళ్ల డ్రమ్ము మీద కూర్చున్నా.
నీలం కేబులు ఒక కొస దానికి, ఒక కొస నాకు.
మొదట కనపడింది ‘పబ్లిక్’.
అట్టపెట్టెలోంచి దిగిన నాటి మాట, ఎవడూ మార్చలా.
ఏడేళ్లుగా
ఆ ఒక్క మాట అన్నవాడికల్లా
కడుపులో లెక్కలన్నీ చెప్పేసింది:
ఏ తీగలో ఎంత పారింది,
ఎండలకు ఎంత కాగింది,
ఎన్నిసార్లు కరెంటు పోయి మళ్లీ లేచింది.
తీసేశా.
రెండో వెర్షన్ మూసి మూడోది తెరిచా.
ఒక పేరు, రెండు రహస్యాలు.
ఒకటి నువ్వు నువ్వేనని నమ్మడానికి,
ఇంకోటి దారిలో ఎవరూ చదవకుండా.

తర్వాత రెండు ఖాళీ గళ్లు.
ఎక్కడున్నావు?
సా షెడ్డు, పడమటి గోడ, నీళ్ల ట్యాంకు వెనక.
ఎవరికి చెప్పాలి?
ఓనరు అల్లుడి పేరు చీటీ మీద రాసిచ్చారు ఆఫీసులో.
ఆయన ఈ షెడ్డులోకి ఒకసారి వచ్చాడంట,
ముక్కుకి కర్చీఫు అడ్డం పెట్టుకుని.
చీటీ జేబులోనే ఉంది.
మలకొండయ్య, రాత్రి డ్యూటీ, అని కొట్టా,
ఇంగ్లీషులో, ఆయన కూడబలుక్కోలేని అక్షరాల్లో.

"ఇక దీనికి ఏమన్నా అయితే
ఒంగోలు సర్వరుకి కేకేసుద్ది," అన్నా.
చూపిద్దామని ఏడో పోర్టు వైరు పీకా.
ఆకుపచ్చ దీపం ఆరింది. కేక వెళ్లింది.
"వాళ్లు ఇన్నట్టు దీనికెట్టా తెలుసుద్ది?"
తెలియదు. ట్రాప్ అంటే అంతే.
ఒకసారి అరిచి ఊరుకుంటది.
చేరిందా, దారిలో రాలిందా, దానికి పట్టదు.

ఆయన రంపం వైపు చూశాడు.
గెలాక్సీ బండ మీద వంద బ్లేడ్లు,
కింద కారే చిక్కటి బురద.
అక్కడ మాట చెవికి రాదు, పెదాలు చూసి పట్టుకోవాలి.
"ఖాసిం మీదకి పలక వాలేటప్పుడు
నేనూ అరిచినా, మూడుసార్లు," అన్నాడు.
అన్నాడనే అనుకున్నా.
ఇంకేం చెప్పలా. నేనూ అడగలా.

చేసింది చెరిపి మళ్లీ మొదలెట్టా.
ట్రాప్ తీసి ఇన్‌ఫార్మ్ పెట్టా.
దీనికో షరతు ఉంది:
వినేవాడి గుర్తు
అరిచేవాడి దగ్గర ముందే రాసి ఉండాలి.
ఒంగోలుకు ఫోన్ చేస్తే సుభాషిణి చదివింది,
ఇరవై నాలుగు అంకెలూ అక్షరాలూ,
రంపం హోరుకి ప్రతి ముక్కా రెండేసిసార్లు.
"డీనా బీనా?"
"డీ! డబ్బా డీ!"
అయిదు సెకన్లు చూడు. బదులు రాకపోతే మళ్లీ కేకెయ్యి.
రాకపోతే మళ్లీ.
మామూలుగా మూడుసార్లని ఉంటది అందులో.
నేను పది చేశా.

ఈసారి వైరు ఆయన్నే పీకమన్నా.
రెండు వేళ్లతో, తేలు తోక పట్టినట్టు, పీకాడు.
"వచ్చింది," అంది సుభాషిణి. "బదులు కూడా పోయింది.
ఈ మలకొండయ్య ఎవరు?"
ఫోను ఆయన చెవికి ఆనించా.
వినపడిందో లేదో, తలూపాడు.

సంతనూతలపాడు దాకా వచ్చాక గుర్తొచ్చింది,
సేవ్ కొట్టలేదు.
రాత్రి కరెంటు పోయి వస్తే
ఆ పేరు ఉండదు, ఆ పదిసార్లూ ఉండవు.
మళ్లీ ‘పబ్లిక్’ అంటది, ఎవడడిగితే వాడికి.

బండి వెనక్కి తిప్పా.