గడ్డికి వరస లేదు

యాలా నది అవతల ఎర్రచెలకల్లో
కయోంగో పూసింది.
పైకి ఊదారంగు ముక్కుపుడకంత ముచ్చట.
అడుగున
మొక్కజొన్న వేరుకు నోరు పెట్టి తాగుతుంటుంది.
మోకాలెత్తు పైరు ఎండిపోయాక
ఇక్కడివాళ్లు ఆకాశాన్ని తిడతారు.

నేను పొట్లాలు పట్టుకుని వెళ్లాను.
డెస్మోడియం విత్తనం, ఆవగింజలో సగం ఉండదు.
ఇసుకలో కలిపి చాలుకీ చాలుకీ మధ్య చల్లండి,
చుట్టూ నేపియర్ గడ్డి నాటండి,
కయోంగో మొలకలోనే మాడిపోతుంది, అన్నాను.
నా మోటారుసైకిలు మీద చెయ్యేసి
ఒక ముసలాయన నవ్వాడు:
"కలుపు చావాలంటే కలుపు నాటాలట,
చదువుకున్నవాడు చెబుతున్నాడు."

అపోండి నవ్వలేదు.
నడుముకు చుట్టుకున్న లేసో కొసన
పొట్లాన్ని ముడేసుకుంది.
వాన పడి మూడు రోజులైనా ముడి విప్పలేదు.
ఆ ఇంట్లో పెద్ద భార్య గింజ వేశాకే
చిన్న భార్య వేయాలి.
పెద్దామె మిన్ ఒదుండో, అంటే ఒదుండో తల్లి,
ఇంకా మబ్బు వంకే చూస్తోంది.
నా ఫారంలో ఆ మబ్బుకి గడి లేదు.

నాలుగో రోజు తెల్లారేసరికి
అపోండి చేలో వంగి ఉంది.
"నాకంటే ముందే విత్తుతున్నావా?"
దడి అవతల నుంచి పెద్దామె.
"విత్తనం కాదక్కా, గడ్డి.
ఆవుకి.
గడ్డికి వరసేముంది?"

పెద్దామె చాలాసేపు నిలబడింది.
గడ్డి గురించి
పెద్దలెవరూ ఏమీ చెప్పి పోలేదు.

మొదటి పంటకి ఏమీ కాలేదు.
కయోంగో ఎప్పటిలాగే పూసింది.
లేత గడ్డి తొక్కకుండా కలుపు తీయలేక
అపోండి నడుం పట్టేసింది. నన్ను తిట్టింది.
ఆ తిట్లు నేను పుస్తకంలో ఎక్కించలేదు.

రెండో వానలకి ఊదారంగు పలచబడింది.
మూడో వానలకి పదకొండు మొక్కలు.
లెక్కపెట్టింది అపోండి కాదు,
దడి మీద మోచేతులానించి, పెద్దామె.

ఆ సాయంత్రమే ఖాళీ గంపతో వచ్చింది.
"దూడకి బాగోలేదు. కాస్త గడ్డి ఇస్తావా?"
"కోసివ్వనా అక్కా?"
"కోయకు.
వేళ్లతో పెకలించి ఇవ్వు."

ఆమెకి దూడ లేదు.
అపోండికి తెలుసు, నాకూ తెలుసు,
దారిన పోయే మేకల పిల్లాడికీ తెలుసు.
ఎవరం మాట్లాడలేదు.
అపోండి గునపం తెచ్చింది.

కొత్త పద్ధతి చేపట్టారా?
అవును, కాదు: ఫారంలో రెండే గడులు.
మిన్ ఒదుండో పేరుకెదురుగా
రెండింటినీ వదిలేసి, అంచున రాశాను:
దూడకి బాగోలేదు.