పడికట్టు

పాత బండి మీద కనపడితే
ఎవరైనా ఒకటే అడుగుతారు, అమ్ముతారా అని.
సిలార్ ఒక్కడే
ఎక్కడ ఆగింది అన్నాడు.

దోర్నాల దాటాక, ఘాట్ మూడో మలుపులో.
గాజుల మలారం కిందపడ్డట్టు ఒక గలగల,
ఆపైన కోతుల చూపులు తప్ప ఏమీ లేదు.
నా ఎనభై రెండు మోడల్ యెజ్డీ
మిరప టిక్కీల మధ్య పడుకుని గుంటూరు దాకా,
అక్కణ్ణుంచి ట్రాలీ ఆటోలో బెజవాడ ఆటోనగర్‌కి.
విప్పుతుంటే సిలార్ మూడుసార్లు తుమ్మాడు.

కిక్కూ గేరూ ఒకటే రాడ్డు దీనికి.
లేపేదీ అదే, నడిపేదీ అదే.
నిన్న దాన్ని తొక్కితే
గచ్చు మీద చెంచా గీసిన చప్పుడు.

"రాడ్డు పోయింది, దొరుకుద్ది.
బేరింగులు పోయినయ్, దొరుకుతయ్.
క్రాంకు చక్రంలో పిన్ను కూర్చునే బెజ్జం
కోడిగుడ్డయింది చూడు.
అదీ దొరకంది."

మూడు వారాలు.
లారీ కావాలంటే గంటలో పుట్టిస్తారిక్కడ,
ఒక సందులో ఛాసిస్, పై సందులో బాడీ,
మధ్యలో నిమ్మకాయలు.
రెండు చక్రాల ముసలిదాని పేరెత్తితే మాత్రం
టీ ఇచ్చి జాలిపడతారు.
కొత్త డబ్బాలో వచ్చిన డూప్లికేటుని
సిలార్ గోటితో గీకి పక్కన పెట్టాడు:
"ఇది ఇనుము కాదు. ఇనుము ఫొటో."
లేత్ బ్రహ్మం బుష్ వేస్తానన్నాడు,
ఘాట్ ఎక్కనని మాటిస్తే.
ఘాట్ ఎక్కని బండిని
నేనేం చేసుకోను బ్రహ్మం గారూ.

ఆ రోజు వెతకడానికి కూడా పోలేదు.
షెడ్డులో పోగైన అల్యూమినియం తుక్కు అమ్ముదామని
నాంచారమ్మ కొట్టుకి పోయాం.
తక్కెడ లేచింది.
సిలార్ తుక్కు వైపు చూడడం లేదు.
రెండో సిబ్బిలో,
పదకొండేళ్ళ చేతి జిడ్డుకి నల్లగా మెరుస్తూ
రెండు కిలోల రాయి బదులు కూర్చున్న
గుండ్రటి ఇనుము.
బెజ్జం గుండ్రంగా, నిండు సున్నాలా.

"అమ్మేది కాదయ్యా అది.
దాంతో తూచేది."

వెయ్యి అన్నాను. రెండు వేలన్నాను.
తూనికల ఇన్‌స్పెక్టరే దాన్ని రెండుసార్లు చూసి
టీ తాగి పోయాడంది.
"నా మాట దాని మీదుంది.
అది నీకిస్తే రేపు దేంతో తూచను, నీ నోట్లతోనా?"

సిలార్ ఏమీ మాట్లాడలేదు.
సంచిలోంచి నా అరిగిన చక్రం తీసి
ఎదుటి సిబ్బిలో పెట్టాడు.
ముల్లు కాసేపు ఊగింది.
నాది పైకి తేలింది, ఒక వెంట్రుక వాసి.
నాంచారమ్మ వంగి
కాళ్ళ దగ్గరి డబ్బాలోంచి ఒక వాషరేసింది.
ఇంకోటి.
ముల్లు నిలబడింది.

"ఎంత తిప్పావేంది దీన్ని?"

ఏం చెప్పను.
లంబసింగి మంచులో, భద్రాచలం రోడ్డు గుంటల్లో,
నూనె మార్చిన ప్రతి ఊళ్ళో
కొంచెం కొంచెం దాన్ని వదిలేసి వచ్చాను.
మొత్తం రెండు వాషర్లంత.
నాకే ఇప్పుడు తెలిసింది.

రాగి తీగతో వాషర్లని చక్రానికి బిగించి
సిబ్బిలో పెట్టుకుని
తర్వాతి బేరాన్ని పిలిచిందామె.

బ్రహ్మం లేత్ మీద తిప్పి చూశాడు.
ఇత్తడి సుత్తితో ఒక దెబ్బ,
ముల్లు చూసి అర దెబ్బ,
ఊపిరి బిగబట్టి దానిలో సగం.
పద్నాలుగో కిక్కుకి లేచింది.
పొగకి దడిసి
షెడ్డు ముందు కుక్క చోటు మార్చింది.

"వెయ్యి కిలోమీటర్ల దాకా నలభై దాటకు."

సరే.
బ్యారేజీ మీద సైకిళ్ళు కూడా నన్ను దాటుతున్నాయి.
కింద గేట్లోంచి నీళ్ళు, కాళ్ళ మధ్య కొత్త మోత.
నలభయ్యో కాదో నాకేం తెలుసు,
స్పీడోమీటరు కేబులు ఇంకా దొరకలేదు.
వెనక ఎక్కడో ఆటోనగర్లో
ఎవరిదో విరిగిన కుక్కరు
నా దార్లతో తూగుతోంది.