ఉప్పుగాలి

లాసన్స్ బే వైపు కిటికీ తెరిస్తే చాలు
డబ్బాలో ఉప్పు ఏడుస్తుంది.
"పొయ్యి పక్కన పెట్టకే కారం, రంగు సచ్చిపోద్ది"
మేనత్త నూకరత్నం.
పూర్ణా మార్కెట్లో నలభై ఏళ్లు దినుసులు తూచిన మనిషి.
కారంలో ఇంగువ ముక్క పాతేస్తుంది,
పాడేరు మిరియాలు ముందే దంచనివ్వదు:
"గింజ నోరు మూసుకున్నన్నాళ్లే
దాని మాట నిలుస్తాది."

నేను సీసాలకి పేర్లు అంటించాను.

తుఫాను రాత్రి కరెంటు పోయింది,
జల్లుకి చీటీలన్నీ తడిసి ఊడాయి.
చీకట్లో అత్త
ఒక్కో సీసా చెవి దగ్గర ఊపింది.
ఇసకలా జారితే ఆవాలు,
గలగలమంటే ధనియాలు,
మిరియాలైతే కాస్త బరువుగా, దొర్లుతూ.

ఒకటి మాత్రం ఎంత ఊపినా పలకలేదు.
"ఇది నువ్వు మూసిన పసుపే"
అంది, నవ్వకుండా.