రాత్రిళ్ళు కూర్చునే కారు

పొద్దున ఎనిమిదింటికి ఎలియావా బజారులో
షట్టర్లు ఒకదాని తర్వాత ఒకటి దగ్గుతాయి.
నా కొట్టు మూడో వరసలో, పాత రేడియేటర్ల గుట్ట పక్కన.
చేసేది జర్మన్ కార్లు. అంటే
మ్యూనిక్‌లో ఏ డాక్టరుగారో మోజు తీరేదాకా తోలి వదిలేస్తే
ఓడెక్కి, ట్రక్కెక్కి, రుస్తావి సంతలో దిగి
తిబిలిసి మనిషి చేతికి చవగ్గా చిక్కినవి.

చవగ్గా అన్నానా?
కొన్నది వంకాయ. కొసరు గుమ్మడికాయ.
ఆ గుమ్మడికాయలు తరుగుతూనే
ఇద్దరు పిల్లల్ని చదివించాను నేను.

ఓతియా మాస్టారిది నల్ల కారు, పొడుగాటిది.
గ్ల్దానీలో పిల్లలకి ట్రంపెట్ నేర్పుతాడాయన.
తొమ్మిది వేల లరి పోసి కొన్నాడు.
దానికి స్ప్రింగులుండవు, చక్రానికొక గాలితిత్తి.
ఎక్కడో కన్నం.
రాత్రి నిలబెట్టి పడుకుంటే
తెల్లారేసరికి ఎడమ వెనక కాలు ముడుచుకుని
నెమరేసే గేదెలా కూలబడి ఉంటుంది.
తాళం తిప్పితే అడుగున కంప్రెసరు మూలుగుతుంది
ఒక నిమిషం, నిమిషంన్నర,
అప్పుడు లేస్తుంది,
గేదె లేచినట్టే, వెనక కాళ్ళు ముందు.

సబ్బునీళ్ళు పూసి వెతుకుతున్నాను.
"ఆగు ముర్మాన్" అని మడ్‌గార్డుకి చెవి ఆనించి
కళ్ళు మూసుకున్నాడు.
"మంద్రంలో. నిషాదానికి కాస్త కింద. ఇదిగో, ఇక్కడ."
నురగ అక్కడే లేచింది.

తిత్తి, కంప్రెసరు, వాల్వుల పెట్టె.
నోటితో చెప్పే అంకె కాదది,
కాగితం మీద రాసి ఆయన వైపు తిప్పాను.
మడిచి జేబులో పెట్టుకున్నాడు, మందుల చీటీలా.

ఆయన భార్య ల్యాలి ఫోను చేసింది.
"పోయినేడు మా ఫ్రిజ్జు మింగింది.
ఇప్పుడాయన పన్ను మింగుతోంది.
ముందుపన్ను కదిలే మనిషి ట్రంపెట్ ఎలా ఊదుతాడయ్యా?
నువ్వైనా చెప్పు."

చెప్పాను. చెప్పడమేమిటి, చేశాను.
తిత్తులు పీకి ఉక్కు స్ప్రింగులు బిగించాను.
ఆరు వందలు, ఒక్కరోజు పని.
డాష్‌బోర్డులో ఎర్రదీపం గోల చేస్తే
దాని నోరూ మూయించాను.
కారు నిలబడింది. రాయిలా.

తొమ్మిదోనాడు వచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని.
"రాత్రంతా నిలబడే ఉంటోంది ముర్మాన్."
"ఉండాలి కదా మాస్టారూ."
"మూడింటికి లేచి కిటికీలోంచి చూస్తానా,
వీధిదీపం కింద, కదలకుండా, మా మెట్లకేసి చూస్తూ...
చిన్నప్పుడు ఒక నల్ల కారు ఇట్లానే..."
అని ఆగిపోయాడు.
నేను స్పానరు తుడవడం మొదలుపెట్టాను,
తుడిచిందే తుడుస్తూ.

"అది కూర్చునేది" అన్నాడు చివరికి.
"కూర్చున్నదంటే మనదే కదా."

మా బజారులో ఏదీ పారెయ్యం.
తిత్తులు అటక మీదే ఉన్నాయి, దుమ్ము పట్టి.
కన్నానికి రబ్బరు అతుకు వేశాను, పూర్తిగా కాదు,
ఆయనే పక్కన కూర్చుని చెవి పెట్టి
"ఇంకొంచెం వదులు" అన్నాడు.
చేసిన పని విప్పితే కూలి రెట్టింపు, బజారు రివాజు.
సగమే తీసుకున్నాను.
మంచితనమనుకునేరు. వచ్చే నెల మళ్ళీ వస్తాడు.

నిన్న రాత్రి గ్ల్దానీ మీదుగా పోతూ బండి ఆపాను.
నల్లకారు మెట్ల ముందే ఉంది.
సిగరెట్ సగమయ్యేసరికి నిట్టూర్చింది,
ఎడమ కాలు ముడిచింది, తర్వాత కుడిది.
పైన మూడో అంతస్తులో దీపం ఆరింది.

నాది పాత జపాను బండి.
పద్నాలుగేళ్ళలో ఒక్కసారీ మొరాయించలేదు.
దాని గురించి చెప్పడానికి నా దగ్గరేమీ లేదు.