నీటి గీత కింద

నేవీ డేకి స్కూలుకి పిలిస్తే
వెనక బెంచీ పిల్లాడొకడు అడిగాడు,
"తాతగారూ, సముద్రం ఎలాగుంటాది?"
నిజం చెబితే నమ్మడు.
ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో
నేను సముద్రాన్ని చూసింది తక్కువ.
విన్నాను.
వేలెడు మందం లేని ఇనుప రేకుకి అవతల
అది ఒళ్లు రుద్దుకుంటూ పోతుంటే
బాయిలర్ పక్కన నిలబడి విన్నాను.

మా అయ్య మైలపల్లి ఎర్రన్నది వేరే సముద్రం.
జాలరిపేట ఒడ్డున తెప్ప విప్పితే
డాల్ఫిన్ కొండ ముక్కూ
వెనకాల గట్టు భుజమూ ఒక్క గీతలోకొచ్చే చోట
కింద కోనెం ఉందనేవాడు. ఉండేది.
నేను నేవీలో చేరతానన్న రోజు
వల కుడుతూ తలెత్తకుండా అడిగాడు:
"జీతమిచ్చి మరీ ఏటలోకి పంపుతారా?"
ఔనయ్యా.
"చేపలు పట్టక్కర్లేదా?"
అక్కర్లేదు.
"మరి దేనికిరా ఎల్డం?"

ఆ ప్రశ్నని ట్రంకు పెట్టెలో
మడత పెట్టిన తెల్ల యూనిఫాం కింద పెట్టుకుని
లోనావాలా కొండల్లో ఇంజన్లు నేర్చుకున్నాను.

తెల్ల బట్టలు ఫోటోలకి.
కింద మాకు నీలం డాంగ్రీ, ఉప్పు బిళ్లలు,
వాచీ పట్టీ కింద చెమట పొక్కులు.
తలంబ్రాలప్పుడు నా గోళ్లలో నల్ల నూనె చూసి
సింహాచలం దోసిలి వెనక్కి తీసుకుంది.
నిమ్మచెక్కతో రుద్దానంటే నవ్వింది.
అక్కణ్ణించి మొదలైంది మా కాపురం,
ఏడాదికి అరవై రోజుల చొప్పున.

అండమాన్ దాటాక ఒక రాత్రి
సిగ్నల్ కుర్రాడు హ్యాచ్‌లోంచి తల దూర్చి అరిచాడు,
"చీఫ్! పాప!"
ఆ మోతలో నాకు 'పంపు' అని వినపడింది.
రెండు పంపులూ విప్పి చూశాను.
బాగానే ఉన్నాయి.
పైకెళ్లి ఆ మాటే రిపోర్టు చేస్తే
డెక్కు మీదున్న వాళ్లంతా పడీ పడీ నవ్వారు.
అప్పటికి నా కూతురి వయసు మూడు రోజులు.

తర్వాత భుజాల మీద గుర్తులు మారాయి,
చెవుల్లో ఒకటి పోయింది.
ఓడకి రిటైర్మెంటు నాకంటే నెల ముందొచ్చింది.
పైన బ్యూగిల్, జెండా, అడ్మిరల్ గారి మాటలు.
కింద ఆఖరి మంట నా చేత్తోనే ఆర్పాను.
చాలాసేపు వెచ్చగానే ఉంది బాయిలర్,
జ్వరం దిగుతున్న పిల్ల నుదురులాగ.
చెయ్యి తియ్యలేకపోయాను.

హుద్‌హుద్ రోజున మల్కాపురంలో మా ఇంటి రేకులు లేచిపోతుంటే,
కిటికీ అద్దాలు పగులుతుంటే,
నేను హాయిగా నిద్రపోయాను.
సింహాచలం ఈ రోజుకీ క్షమించలేదు.
మర్నాడు రాత్రి మొదలైంది నా తుఫాను.
గాలి లేదు, కరెంటు లేదు,
ఫ్యాను కూడా తిరగని నిశ్శబ్దం.
దిగ్గున లేచి, "ఇంజన్ ఆగింది!" అని
చీకట్లో నిచ్చెన కోసం కాలితో వెతుకుతున్నాను.
ఆవిడ మణికట్టు పట్టుకుని
నా మంచి చెవిలో, వీధంతా వినపడేలా అరిచింది:
"ఇల్లు ఇది! ఇది ఎక్కడికీ ఎల్దు!"

కుక్కలు మొరిగాయట.
నేను గోడకి అరచెయ్యి ఆనించి నిలబడ్డాను.
చల్లగా ఉంది.
అవతల పక్కింటి ముసలాయన దగ్గు
చేతికి తెలిసింది.