జీడి అంటని వేలు

కాశీబుగ్గ జీడి పాకలో మేం పదకొండుమందిమి.
అందరి చేతులూ నలుపే.
బూడిద రాసుకున్నా, ఆముదం పూసుకున్నా
జీడి తగిలినచోట తోలు పొరలుపొరలుగా లేస్తుంది.
నా ఎడమ చేతి ఉంగరం వేలొక్కటే తేటగా మిగిలింది.
పాత లంగా పీలిక చుట్టి దాస్తాను దాన్ని.
ఉంగరం కోసం కాదు.
పొద్దున్నే అది ఒక చుక్క ఇవ్వాలి.

పద్నాలుగో ఏట మొదలైంది.
బక్కగుంటని. చోడంబలి తాగి పనికెళ్లేదాన్ని.
"కడుపుతో ఉన్నప్పుడు తాండ్ర తిన్నావు కాదేటి"
అని నాయనమ్మ అమ్మని దెప్పేది.
తిన్నమాట నిజమే, రెండు ముక్కలు.
ఏడేళ్లయినా ఆ రెండు ముక్కలూ
అమ్మకి అరగలేదు.

నీరసంగా నడిస్తే చాలు, మా వైపు
"కిడ్నీలేటమ్మా?" అంటారు.
ఉద్దానం కదా, అది పలకరింపు.
"కాదు, సుగరు" అంటే
"పోన్లే" అని ఊపిరి పీల్చుకుంటారు.
ఆ పోన్లేని బొడ్డు చుట్టూ
రోజుకి నాలుగుసార్లు పొడుచుకునేదాన్ని.

శ్రీకాకుళం పెద్దాసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ
ఏం తిన్నావని అడగలేదు.
ఎవరి పిల్లవని అడిగింది.
చీటీ వెనక గీసుకుంటూ పోయింది,
ఆడవాళ్లకి సున్నా, మగవాళ్లకి గడి.
తాత దండాసి: ముప్ఫైనాలుగుకే పోయాడు, పాదం నల్లబడి. గాలి సోకిందన్నారు.
నాన్న: ఇరవయ్యారో ఏట. సారా వల్లన్నారు.
నేను: తాండ్ర.
ముగ్గుర్నీ ఒకే సిరాతో నింపేసింది.
అమ్మ సున్నా మాత్రం ఖాళీగా ఉండిపోయింది.
ఆ ఖాళీని అమ్మ చాలాసేపు చూసింది.

నెత్తురు హైదరాబాదు వెళ్లి
నాలుగు నెలలకి కాగితమై తిరిగొచ్చింది.
ఏదో జన్యువులో ఒక్క అక్షరం తప్పట.
రేషను కార్డులో ఇంటిపేరు తప్పు పడితే
తాత నుంచి నాదాకా ఎవరూ దిద్దించలేదు,
ఆ తప్పు పేరుతోనే బియ్యం తెచ్చుకుంటున్నాం. అలాంటిదే ఇదీ.

"జపానులో, చైనాలో కూడా ఇలాంటి ఇళ్లున్నాయి" అంది డాక్టరమ్మ.
"సన్నటి పిల్లలే. తరం తప్పదు."
ఆ రాత్రి ఎవరో జపాను పిల్లని తలుచుకున్నాను.
ఆ పిల్లకీ దాచుకునే వేలొకటి ఉంటుంది.
ఏం పని చేస్తుందో.
వాళ్ల నాయనమ్మ దేన్ని తిడుతుందో.

సూదులు మెల్లమెల్లగా తగ్గించి, ఆపించారు.
ఇప్పుడు మాత్రలో సగం. జీడిపప్పు బద్దలో పావంత.
ఏడేళ్లు పొడిచిన పొట్టకి
ఏమని చెప్పుకోను?

నాయనమ్మ తప్పైందనే మనిషి కాదు.
సంతకెళ్లొచ్చి, కాగితంలో చుట్టిన తాండ్ర
అమ్మ తట్ట పక్కన పెట్టి వెళ్లిపోయింది.
అమ్మ రెండ్రోజులు ముట్టలేదు.
మూడోరోజు చూస్తే కాగితమే ఉంది.

తమ్ముడు ఢిల్లేసుకి పదమూడు.
బొమ్మా బొరుసే అంది డాక్టరమ్మ,
ఉన్నా ఉండొచ్చు, లేకపోనూవచ్చు.
చెయ్యి చాపరా అంటే
"పై ఏడు సూద్దాంలే అప్పా" అని కబడ్డీకి పరిగెడతాడు.

నాయనమ్మకి చదువు రాదు.
కానీ దండాసి తాత ఉన్నప్పుడు ఒకటి చూసింది.
దొడ్డి గోడ వారన, ఆయన పోసిన చోట
ఎర్రచీమలు బారులు కట్టేవి.
చూసి ఇద్దరూ నవ్వుకునేవారట.

ఈమధ్య తెల్లారకముందే లేస్తోంది.
ఢిల్లేసు దొడ్డికెళ్లి వచ్చి మళ్లీ ముసుగు పెట్టాక
సెల్లు లైటు పట్టుకుని గోడ వారన
గొంతుక్కూర్చుంటోంది.
తడిసిన మట్టినే చూస్తూ.
నేను తలుపు సందులోంచి,
వేలికి పీలిక చుట్టుకుంటూ,
ఎప్పుడు లేస్తుందా అని.